గరిటె పెట్టకూడని పిండి: తొమ్మిదేళ్లుగా వండుతున్న పీచ్ కాబ్లర్

మేము జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఒక శివారులో కాపురం పెట్టి తొమ్మిదేళ్లు దాటింది. అప్పటినుంచి ఏ వేసవీ తప్పకుండా మా ఇంట్లో పీచ్ కాబ్లర్, అంటే పీచ్ పండ్లు, మైదా పిండితో ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం, వండుతున్నాను. అమెరికా దక్షిణాది ఇళ్లలో పెద్దవాళ్లు నోటిలెక్కగా చెప్పే ‘కప్పు, కప్పు, కప్పు’ పద్ధతి ఇన్నేళ్ల వాడకంలో ఎంతవరకు నిలిచిందో, ఎక్కడ సవరించుకోవలసి వచ్చిందో రాస్తున్నాను.

కాబ్లర్ అనే ఒక్క పేరు మీద రెండు వేర్వేరు వంటకాలు చెలామణీలో ఉన్నాయి. చల్లని వెన్నను మైదాలో వేళ్లతో నలిపి, ఆ ముద్దలను పండ్ల మీద పేర్చి కాల్చేది ఒకటి. మొదటి రెండేళ్లు నేను దానితోనే కుస్తీ పట్టాను. జూలై నెల వంటింట్లో వెన్న నా వేళ్ల మధ్యే కరిగిపోయేది, ముద్దల పైభాగం ఎర్రగా కాలినా అడుగుభాగం పండ్ల రసంలో నాని పచ్చిగానే ఉండేది. చేయి తిరిగినవారికి అది బాగానే కుదురుతుంది కానీ నాకు కుదరలేదు.

రెండోది జారుపిండి కాబ్లర్. ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు 177 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కేలోగా, 113 గ్రాముల వెన్నను పాత్రలో వేసి అందులోనే కరిగించాలి. ఒక కప్పు మైదా, ఒక కప్పు పంచదార, ఒక కప్పు పాలు, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు కలిపితే దోసె పిండిలా గరిటెజారుగా వస్తుంది. దానిని కరిగిన వెన్న మీద పోసి, పైన నాలుగు కప్పుల పండు ముక్కలను రసంతో సహా పరిచి, ఆ తర్వాత గరిటె పెట్టకుండా ఓవెన్‌లోకి తోసేయాలి. మొదటిసారి వెన్న పైకి తేలి మడుగులు కట్టడం చూసి, రోజూ కూరలు కలిపే చేయి ఊరుకోక ఒక్క తిప్పు తిప్పాను. ఫలితంగా అంచు కరకరలాడని, ఎక్కడ తిన్నా ఒకే రకంగా ఉండే మెత్తటి కేకు ముక్క వచ్చింది.

కలపకపోతే జరిగేది వేరు. వేడికి బేకింగ్ పౌడర్ వాయువును వదలడంతో పిండి ఉబ్బి, పండ్ల మధ్యనుంచి దారి చేసుకుని పైకి వస్తుంది, పండ్లు కిందికి దిగుతాయి, పాత్ర గోడలకు ఆనుకున్న పిండి వెన్నలో వేగుతుంది. ఇనుప మూకుడులో కాల్చిన దిబ్బరొట్టె అంచు కోసం పోట్లాడుకున్న వారికి ఆ అంచు రుచి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మా ఇంట్లో ఇప్పటికీ మూలల ముక్కలకు ముందే వంతులు వేసుకుంటారు.

ఈ పిండిలో గుడ్డు లేకపోవడం మా వంటి ఇళ్లకు పెద్ద సౌకర్యం. గుడ్డు ముట్టని మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు సంకోచం లేకుండా తిన్న మొదటి అమెరికా మిఠాయి ఇదే.

లోపాల్లో మొదటిది తీపి. పాత లెక్క ప్రకారం పిండిలో ఒక కప్పు, పండ్ల మీద మరో కప్పు పంచదార పడుతుంది. మూడో ఏట నుంచి నేను పిండిలో ముప్పావు కప్పు, పండ్లకు పావు కప్పు మాత్రమే వేసి, కాస్త నిమ్మరసం పిండుతున్నాను. ఇంతకంటే తగ్గిస్తే పైభాగం రంగు తేలకుండా పాలిపోయి ఉంటోంది.

పండు ఎంపిక మీద సగం ఫలితం ఆధారపడుతుంది. ఇక్కడ మే నెల మధ్యలో వచ్చే తొలి కాపు పీచ్‌లలో టెంక గుజ్జును పట్టుకుని వదలదు; జూన్ సగం గడిచాక వచ్చే రకాలను రెండుగా తిప్పితే టెంక ఊడి చేతిలోకి వస్తుంది. 1870లలో జార్జియాలోని మార్షల్‌విల్ ఊళ్లో శామ్యూల్ రంఫ్ పెంచి, తన భార్య పేరు పెట్టిన ఎల్బర్టా పీచ్ ఈ రెండో జాతిదే. కాబ్లర్‌కు నేను జూన్ చివరి వరకు ఆగుతాను. మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి చన్నీళ్లలో వేస్తే తొక్క దానంతటదే జారుతుంది. పేరులో పీచ్ అని ఉన్నా, నోట్లో పీచు తగలదు. చలికాలంలో గడ్డకట్టిన ముక్కలు వాడినప్పుడు మాత్రం నీరు చాలా ఊరుతుంది, అందుకే వాటిని పూర్తిగా కరగనిచ్చి, ఆ నీటిని విడిగా లేత పాకంగా మరిగించి కలుపుతాను.

పాత్ర విషయంలో రెండుసార్లు దెబ్బతిన్నాను. ఒకసారి చిన్న పాత్ర వాడితే పాకం పొంగి ఓవెన్ అడుగున మాడి, పొగ హెచ్చరిక గంట మోగి, పిల్లలు పెరట్లోకి పరుగెత్తారు. ఇంకోసారి పోత ఇనుప పెనంలో మిగిలినదాన్ని రాత్రంతా ఉంచితే, పండ్ల పులుపుకు పెనం నూనె పూత లేచిపోయి, పాకం నల్లబడి, ఇనుము వాసన కొట్టింది. అంచు బాగా వేగేది పోత ఇనుములోనే కాబట్టి పెనాన్ని మానలేదు. తినగానే మిగిలినది గాజు గిన్నెలోకి మారుస్తున్నాను. మర్నాటికి కరకర ఎలాగూ ఉండదు, మళ్లీ ఓవెన్‌లో పది నిమిషాలు పెడితే కొంత తిరిగి వస్తుంది.

హైదరాబాదు వెళ్లినప్పుడు మా అక్క ఇంట్లోని చిన్న ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్)లో బంగినపల్లి మామిడితో చేశాను. రసాలు దీనికి పనికిరావు, కండ గట్టిగా ఉన్న దోరపండే కావాలి. పైతీగ దగ్గరగా ఉండడంతో ముప్పై నిమిషాలకే పైభాగం ముదిరింది, లోపల ఇంకా జారుగానే ఉంది. కింది అరకు దింపి, పైన అల్యూమినియం రేకు కప్పి మరో ఇరవై నిమిషాలు ఉంచాక అంచుల్లో పాకం చిక్కటి బుడగలుగా ఉడకసాగింది. అది చూశాకే బయటికి తీశాను.