న్యూట్రల్‌ని కూడా తెంచే ఎంసీబీలు: తులూజ్‌లో మా ఇంటి కరెంటు బోర్డు

ఫ్రాన్స్‌లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు బాల్కనీ చూస్తారు, మెట్రో ఎంత దూరమో అడుగుతారు, హీటింగ్ కరెంటుదా గ్యాసుదా అని అడుగుతారు. గుమ్మం పక్కన గోడలో ఉండే కరెంటు బోర్డు తలుపు తీసి చూసేవాళ్లు తక్కువ. తులూజ్ శివారులో కొన్నేళ్లుగా అలాంటి బోర్డుతో కాపురం చేస్తున్నాను. దాని మీద నాకున్న అభిమానానికి కారణం ఒక్కటే. ఇక్కడ ప్రతి ఎంసీబీ, అంటే ఎక్కువ కరెంటు పారితే తనంతట పడిపోయే మీట, ఫేజ్‌తో (కరెంటు వచ్చే తీగ) పాటు న్యూట్రల్‌ని (అది తిరిగి వెళ్లే తీగ) కూడా తెంచుతుంది.

ఇందులో ఏముంది గొప్ప అంటారా? మన దగ్గర చాలా ఇళ్లలో ఎంసీబీ తెంచేది ఫేజ్‌ని మాత్రమే. న్యూట్రళ్లన్నీ వెళ్లి ఒకే ఇత్తడి పట్టీకి బిగించి ఉంటాయి. ఏ మీట దించినా అక్కడ మాత్రం అన్నీ కలిసే ఉంటాయి. ఇక్కడ 18 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక్క మాడ్యూల్లోనే రెండింటినీ ఇమిడ్చారు. మీట దించితే ఎర్త్ తీగ తప్ప ఆ సర్క్యూట్‌కీ బోర్డుకీ సంబంధం ఉండదు. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. నాకు గీజర్ పుణ్యమా అని పట్టింది.

ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఫ్రిజ్‌లో దీపం లేదు. బోర్డులో పై వరస 30 మిల్లీఆంపియర్ల డిఫరెన్షియల్ పడిపోయి ఉంది. అంటే మన ఆర్‌సీసీబీ లాంటిదే, కరెంటు ఎక్కడైనా ఎర్త్‌లోకి కారితే తన కిందున్న లైన్లన్నీ ఆపేస్తుంది. ఎత్తితే నిలబడలేదు. మళ్లీ ఎత్తాను, మళ్లీ పడింది. విసుగొచ్చి వదిలేసి, ఆఫీసుకు బయల్దేరే ముందు ఎత్తి చూస్తే నిలబడింది! ఆ రోజంతా ఏ గొడవా లేదు. మర్నాడు పొద్దున్న మళ్లీ అదే తంతు. నానబెట్టిన పప్పు రుబ్బే గ్రైండరు ఊరి నుంచి తెచ్చుకున్నది, అదీ ఆ వరస ప్లగ్గులోనే ఉంది. మా ఆవిడ నింద దాని మీద వేసింది. గ్రైండరు పీకేసినా ఆ రాత్రీ పడింది.

మా బాబాయి కొడుకు తెనాలిలో వైరింగ్ పనులు చేస్తాడు. వాడికి ఫోన్ చేశాను.

"అన్నా, కింద మీటలన్నీ దించి పైది ఎత్తు. తర్వాత ఒక్కోటీ ఎత్తుకుంటూ రా, ఎక్కడ పడితే అదే," అన్నాడు. "కానీ న్యూట్రల్‌కి ఎర్త్ తగిలిందనుకో, ఎంసీబీ దించినా పడుతూనే ఉంటుంది. అప్పుడు పట్టీ దగ్గర న్యూట్రళ్లు ఒక్కోటీ ఊడదీసి చూడాలి. అది మాత్రం నువ్వు ముట్టుకోకు, ఎవర్నైనా పిలువు."

వీడియోలో బోర్డు చూపించాను. ఎంసీబీల మీద రాసి ఉన్నది చదివించుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒక్కోదానికీ న్యూట్రల్ విడిగా వెళ్తోందా? అయితే నీకు స్క్రూడ్రైవరే అక్కర్లేదు కదన్నా!" అన్నాడు. వాడి గొంతులో కాస్త కుళ్లు కూడా వినపడింది.

చిక్కేమిటంటే పగలు అన్నీ ఎత్తినా ఏదీ పడటం లేదు. అప్పుడు టైము మీదకు పోయింది మా ధ్యాస. మా ఇంటికి చవక కరెంటు రాత్రి 11.30 నుంచి పొద్దున 7.30 దాకా. ఆ వేళ కాగానే మీటరు సంకేతమిస్తే బోర్డులో ఉన్న కాంటాక్టర్ (తనంతట కలిసి విడిపోయే స్విచ్చు) మూసుకుని గీజర్‌కు కరెంటు వదులుతుంది. ఇక్కడ గీజరంటే రాత్రంతా కాగి పగలంతా వేడి నిలుపుకునే 200 లీటర్ల ట్యాంకు. ఫ్రిజ్ ఆగిపోతున్నది ఈ గంటల్లోనే. 7.30 దాటాక డిఫరెన్షియల్ నిలబడటానికి కారణమూ ఇదే. అప్పటికి కాంటాక్టర్ తెరుచుకుని గీజర్‌ను వదిలేస్తోంది.

ఆ కాంటాక్టర్‌కు చిన్న మీట ఉంటుంది, మూడు స్థానాలు: 0, ఆటో, 1. ఒకటి మీద పెడితే పట్టపగలు కూడా గీజర్ అంటుకుంటుంది, తర్వాతి చవక వేళ మొదలవగానే అదే ఆటోకు వచ్చేస్తుంది. శనివారం మధ్యాహ్నం తీరిగ్గా ఒకటి మీద పెట్టాను. టప్పున పై వరస మొత్తం పడింది. గీజర్‌ది 20 ఆంపియర్ల మీట ఒక్కటి దించి మిగతావన్నీ ఎత్తాను. నిలబడ్డాయి. రాత్రికీ నిలబడ్డాయి. బోర్డు మూత విప్పలేదు, ఒక్క తీగ కదపలేదు.

ఇంటి ఓనరు పంపిన మెకానిక్ ట్యాంకు ఖాళీ చేసి చూపించాడు. మా ట్యాంకులో ఎలిమెంటు నేరుగా నీళ్లలో మునిగి ఉండే రకం. సున్నం పేరుకుని, పైతొడుగు తినేసి, కరెంటు నీళ్లలోకి కారుతోంది. దాని బదులు గొట్టంలో దూర్చే రకం, నీళ్లు తగలని ఎలిమెంటు ఉన్న గీజర్ పెట్టించారు. అతను వచ్చేదాకా స్టవ్ మీద నీళ్లు కాచుకుని బకెట్ స్నానాలు చేశాం. ఒక్క మీట కిందకు ఉంది, మిగతా ఇల్లంతా మామూలుగా నడిచింది.

ఈ డిఫరెన్షియల్ మీద ఫ్రెంచివాళ్లు ఇంత పట్టుబట్టడానికి కారణం వాళ్ల ఎర్తింగ్ పద్ధతిలో ఉంది. ఇక్కడ మామూలు ఇళ్లకు ఎర్త్ కంపెనీ తీగ నుంచి రాదు, భవనం కింద భూమిలో పాతిన కడ్డీ నుంచో రాగి తీగ నుంచో వస్తుంది. దాని నిరోధం 100 ఓమ్‌లకు మించకూడదన్నది నియమం. 230 వోల్టులు ఆ 100 ఓమ్‌ల గుండా పోతే పారేది 2.3 ఆంపియర్లే. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ ఎందుకు పడుతుంది, నిశ్చింతగా కూర్చుంటుంది. పట్టుకోవాల్సింది డిఫరెన్షియలే.

ఇక పొగడ్తలో కొంత వెనక్కి తీసుకోవాలి. ఒక్కో డిఫరెన్షియల్ కింద 8 సర్క్యూట్ల దాకా పెట్టొచ్చు. మా బోర్డు కట్టినవాడెవడో గీజర్‌నీ ఫ్రిజ్‌నీ ఒకే దాని కిందకు తెచ్చాడు. గీజర్ లీకైతే ఫ్రీజర్‌లో దాచిన రొయ్యలు పాడవడమేమిటి? ఫ్రీజర్‌కు విడిగా డిఫరెన్షియల్ పెట్టించుకోమని ఇక్కడి ఎలక్ట్రీషియన్లే చెబుతారు. అద్దె ఇళ్లలో ఆ ఖర్చు ఎవరు పెడతారు? లైట్లను మాత్రం కనీసం రెండు డిఫరెన్షియళ్ల మీద పంచారు కాబట్టి చీకట్లో తడుముకోలేదు, అది నిజం.

పైగా డిఫరెన్షియల్ మీద 30 మిల్లీఆంపియర్లని రాసి ఉన్నా 15 దాటితే ఎప్పుడైనా పడొచ్చు. వాషింగ్ మెషీన్, కంప్యూటర్లు, ఇంకా నాలుగు ఎలక్ట్రానిక్ సామాన్లు తలా కాస్త లీకేజీ వదులుతాయి, అన్నీ కలిస్తే ఏ తప్పూ లేకుండానే వరస పడిపోతుంది. మాకింకా అది రాలేదు.

గ్రైండరుకు నిర్దోషి అని తీర్పు వచ్చింది గానీ దానికీ ఒక మాట. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ రెండు చోట్లా ఒకటే కాబట్టి హాయిగా తిరుగుతుంది. ఊరి మూడు కాళ్ల ప్లగ్గుకు చవక అడాప్టర్ తగిలిస్తే మాత్రం చాలావాటిలో ఎర్త్ కలవదు. బోర్డు ఎంత మంచిదైనా అప్పుడు లీకేజీకి దారి మన చెయ్యే. నేను ప్లగ్గే మార్పించేశాను. సాకెట్లకు స్విచ్చులు లేకపోవడం ఇప్పటికీ చిరాకే, ప్రతిసారీ పీకాలి. ఇంకొకటి: కరెంటు మొత్తం పోయి, బోర్డులో మీటలన్నీ పైకే ఉంటే బోర్డులో వెతక్కండి. కరెంటు కంపెనీతో ఒప్పుకున్న కిలోవోల్ట్‌ఆంపియర్లు, అంటే ఒకేసారి వాడుకోగల కరెంటు పరిమితి, దాటితే లింకీ అనే ఇక్కడి స్మార్ట్ మీటరే ఆపేస్తుంది. దాని ప్లస్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే వస్తుంది.

2025 నవంబరు నుంచి కొన్ని ఇళ్లకు చవక గంటల్లో కొంత భాగాన్ని మధ్యాహ్నానికి మారుస్తున్నారు. మాకు మారితే గీజర్ తంటా వచ్చినా మెలకువగా ఉన్నప్పుడే తెలుస్తుంది, అదొక లాభం.

నాది కొత్త భవనం, మొత్తం కరెంటు మీద నడిచే చిన్న ఇల్లు, దంపతులం ఇద్దరమే. నా మాట ఆ మేరకే తీసుకోండి. పాత పట్టణ భవనాల్లో పింగాణీ ఫ్యూజులు ఇంకా కనపడతాయి, ఈ మెప్పు వాటికి చెల్లదు. వైరింగ్‌కు 15 ఏళ్లు దాటిన ఇల్లయితే అద్దెకిచ్చేటప్పుడు ఎలక్ట్రికల్ తనిఖీ రిపోర్టు ఓనరు ఇవ్వాలి, సంతకానికి ముందే చదవండి. మా ఓనరుని ఫ్రిజ్ లైను వేరే వరసలోకి మార్పించమని అడిగాను. మళ్లీ ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు చూద్దామన్నారు. ఈలోగా రొయ్యలు కొంచెం కొంచెమే కొంటున్నాం.