డాబా స్లాబుకు ఏది మేలు? సున్నం, తెల్ల కోటింగ్, ఇటుక ముక్కల కాంక్రీటు, తారు షీటు, రేకుల షెడ్డు

ఆగస్టులో గది పైకప్పుకు చెమ్మ మరక కనిపించగానే మేస్త్రీని పిలిపించి, డాబా మీద ఏదో ఒకటి పూయించి, ఆ ఏటికి గండం గడిచిందని ఊపిరి పీల్చుకోవడం మనలో చాలామందికి అలవాటు. స్లాబు కారడం వానాకాలంలో బయటపడుతుంది గానీ, నీటికి దారి ఇచ్చే పగులు ఎక్కువగా పుట్టేది ఎండాకాలంలోనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట స్లాబుకు అక్షరాలా వర్తిస్తుంది. కాంక్రీటు ఒక్కో డిగ్రీ వేడికి తన పొడవులో దాదాపు లక్షో వంతు సాగుతుంది. పది మీటర్ల పొడవున్న స్లాబు తెల్లవారుజామున 28 డిగ్రీల వద్ద ఉండి, మధ్యాహ్నం మూడింటికి 58 డిగ్రీలకు చేరిందంటే, అది సుమారు 3 మిల్లీమీటర్లు పెరగజూస్తుంది, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. దాని అంచున నిలబడిన పిట్టగోడ ఇటుకతో కట్టినది; అది వేడికి సాగే కొలత ఇందులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. వేసవి పొడుగునా రోజూ ఈ లాగులాట జరిగితే, రెండూ కలిసే మూలన సన్నని గీత పడక తప్పదు. మే నెలలో కాగిన స్లాబు మీద ఉన్నట్టుండి వడగండ్ల వాన పడినప్పుడు ఆ గీత ఇంకాస్త విచ్చుకుంటుంది. కాబట్టి డాబా మీద వేసే ఏ పూతనైనా, ఏ పొరనైనా ఆగస్టు వానను ఎంత ఆపుతుందని అడిగే ముందు, మే ఎండలో అది ఏమవుతుందని అడగాలి. ఈ వ్యాసంలో ఐదు మార్గాలను పోల్చి చూసేది ఆ కొలబద్దతోనే.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. తెలంగాణలో, రాయలసీమలో ఎండ దెబ్బ పెద్దది. వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరు దాకా సాగుతాయి. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కనుక, అక్కడి ఇంటివారికి వేసవి పని తప్పిపోయినా, సెప్టెంబరులో వాన తెరిపి ఇచ్చిన రోజుల్లో మరో అవకాశం దొరుకుతుంది. కోస్తా పొడుగునా తుఫాను గాలి, ఉప్పు గాలి రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పు గాలి తగిలే ఇళ్లలో, పగులు గుండా దిగిన నీరు లోపలి ఇనుప కడ్డీలను తొందరగా తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక, కింది కాంక్రీటును తోసేసి పెచ్చులుగా రాలుస్తుంది.

ఏది వేసినా, దానికి ముందు చూడవలసినది నీటి వాటం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 4,650 లీటర్ల నీరు చేరుతుంది. అదంతా ఆ పూటే తూముల గుండా దిగిపోవాలి. పది అడుగుల దూరానికి అంగుళం పైచిలుకు వాలు లేకపోయినా, తూము నోరు స్లాబు మట్టానికి పైన ఉన్నా, పక్కింటి వేపచెట్టు ఆకులు దానికి అడ్డుపడినా, నీరు గుంటగా నిలుస్తుంది. నీరు నిలిచిన చోట ఎంత ఖరీదైన పూతయినా ముందుగా లేచిపోతుంది. వాన వెలిసిన మర్నాడు డాబా ఎక్కి, ఎక్కడెక్కడ నీరు ఇంకా మిగిలి ఉందో సుద్దముక్కతో గీత గీసి పెట్టుకుంటే, వేసవిలో మేస్త్రీకి చూపించడానికి అంతకు మించిన పటం అక్కర్లేదు. ఈ పనికి రూపాయి ఖర్చు లేదు, బహుశా అందుకే ఎవరూ చేయరు.

ఇక మార్గాల విషయానికి వస్తే, అన్నిటికన్నా చవకైనది సున్నం. నీటిలో నానబెట్టిన సున్నానికి కాస్త జిగురు కలిపి మార్చిలో రెండు పూతలు వేస్తే, బూడిద రంగు స్లాబు తెల్లబడి ఎండను తిప్పికొడుతుంది, పై అంతస్తు గదులు కొంత చల్లబడతాయి. అయితే సున్నం నీటిని ఆపదు. సన్నని గీతల మీద కూడా నిలవదు, నాలుగు పెద్ద వానలకే చాలావరకు కొట్టుకుపోతుంది. అద్దె ఇంట్లో ఉండి వేసవి గట్టెక్కితే చాలనుకునేవారికి, కారడం అనే బాధ అసలు లేని స్లాబుకు ఇది సరిపోతుంది. ఏటా వేసుకోవాలన్న నియమం తప్ప దీనిలో నష్టపోయేదేమీ లేదు.

తెల్ల కోటింగ్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బజారులో దీని పేరుతో దొరికే డబ్బాలన్నీ ఒకటి కావు. గోడలకు వేసే తెల్ల రంగును డాబా మీద పూసి కూల్ పెయింటు అనేవారూ ఉన్నారు. మనకు కావలసినది రబ్బరులా సాగే గుణమున్న యాక్రిలిక్ పూత. స్లాబు పగలు పెరిగి రాత్రి ముడుచుకుంటే అది కూడా దానితోపాటు సాగి ముడుచుకోవాలి. మంచి తెల్ల పూత కొత్తలో తన మీద పడిన ఎండలో నూటికి 80 వంతుల దాకా వెనక్కు పంపుతుంది. ఏ పూతా లేని బూడిద రంగు కాంక్రీటు అందులో సగం కూడా పంపలేదు. ఈ తేడా వల్ల గది చల్లబడటం ఒక లాభమైతే, స్లాబే తక్కువ కాగి, తక్కువ సాగి, తక్కువ పగలడం అంతకన్నా పెద్ద లాభం. నీటిని ఆపే పొర, పగులును పుట్టకుండా చూసే పొర ఒకటే కావడం దీని ప్రత్యేకత. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసి, అంతకన్నా చిన్నవాటికి ఇంటివారి ఇష్టానికి వదిలింది. వేడి సంగతి చూసి చేసిన నియమమే అయినా, స్లాబు ఆయుష్షు దృష్ట్యా చిన్న ఇంటివారూ దాన్ని పాటించడంలో నష్టం లేదు.

దీని లోపాలూ ఉన్నాయి. మొదటిది, యాక్రిలిక్ పూత నిలిచిన నీటిలో రోజుల తరబడి నానితే మెత్తబడి పొక్కులు లేస్తుంది. అందుచేత గుంటలను ముందు సిమెంటుతో సరిచేయాలి, అలా కుదరని చోట పాలీయూరిథేన్ పూతకు ఎక్కువ డబ్బు పెట్టాలి. రెండవది, తయారీ పని. ఇనుప బ్రష్షుతో నాచు, వదులు సిమెంటు గీకి కడిగి, స్లాబును పూర్తిగా ఆరనిచ్చి, పగుళ్లను కాస్త వెడల్పు చేసి సాగే పుట్టీతో నింపి, పిట్టగోడ మూలను సిమెంటుతో గుండ్రంగా వంపు తీసి, ఆ వంపు మీద సన్నని ఫైబరు జాలీ పరచి, అప్పుడు ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా పూతలు వేయాలి. కూలీలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ తయారీనే, పూత విఫలమైందన్న ఫిర్యాదులలో ఎక్కువ భాగం వచ్చేదీ ఇక్కడి నుంచే. చెమ్మ ఉన్న స్లాబు మీద పూస్తే లోపలి తేమ ఎండకు ఆవిరై పూతను బుడగల్లా పైకి నెడుతుంది. ఆగస్టులో వాన తెరిపిలో హడావిడిగా చేయించిన కోటింగ్ మరుసటి వేసవికే పొరలుగా లేవడానికి కారణం ఇదే. మూడవది, దుమ్ము. తెలుపు మాసిన కొద్దీ ఎండను తిప్పికొట్టే శక్తి తగ్గుతుంది కనుక ఏటా ఫిబ్రవరిలో ఒకసారి కడగాలి. నాలుగైదేళ్లకు ఒకసారి పైపూత మళ్లీ వేయాలి. డాబా మీద మిరపకాయలు ఎండబెట్టుకునేవారు, మంచాలు ఈడ్చేవారు గీతలు పడకుండా చూసుకోవాలి.

ఇటుక ముక్కల కాంక్రీటును మన ఇంజనీర్లలో పాత తరంవారు ఇప్పటికీ గట్టిగా సమర్థిస్తారు, దానికి కారణాలూ ఉన్నాయి. విరిగిన ఇటుకలను సిమెంటు కలిపి నాలుగంగుళాల మందాన పరచి, పైన నున్నగా తీస్తే, వాటం దానంతట అదే ఏర్పడుతుంది. ఇటుక వేడిని నెమ్మదిగా దింపుతుంది కాబట్టి కింది స్లాబు ఎండ దెబ్బ నుంచి తప్పుకుంటుంది. మే పరీక్షలో ఇది బాగానే నెగ్గుతుంది. ఇబ్బంది బరువుతో వస్తుంది. నాలుగంగుళాల పొర చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు తూగుతుంది. వెయ్యి చదరపు అడుగులకు అది 18 టన్నుల పైమాటే. ఇల్లు కట్టేటప్పుడే ఇంజనీరు ఆ బరువును లెక్కలో వేసి ఉంటే సరే, పాతికేళ్ల క్రితం ఏ లెక్కా లేకుండా మేస్త్రీ అంచనాతో పోసిన స్లాబు మీద ఇప్పుడు దాన్ని ఎక్కించడం నా దృష్టిలో సాహసం. ఇంకొక చిక్కు ఏమిటంటే, పై పొర ఒకచోట పగిలితే నీరు ఇటుక ముక్కల్లో ఇంకి, లోలోపలే పాకి, వేరే గదిలో కారుతుంది. ఎక్కడ దిగిందో కనిపెట్టడం దాదాపు అసాధ్యం, తవ్వి తీయడం మళ్లీ ఒక ఇల్లు కట్టినంత రభస.

రాయలసీమ మట్టి మిద్దెలను ఇక్కడ గుర్తుచేసుకోవడం అసందర్భం కాదు. వాటి మీద వానలకు ముందు చౌడు మట్టిని పరిచేవారు. చౌడులో ఉండే సోడియం వల్ల తడిసిన బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి సందులను పూడ్చేస్తాయి, నీరు కిందికి దిగదు. మళ్లీ మళ్లీ వేయవలసిన పొరే అయినా, ఊళ్లో దొరికే సరుకుతో ఇంటివారే వేసుకోగలిగేవారు. పైకప్పుకు శాశ్వతమైన మందు ఉండదని, విప్పి సరిచేయగల పొరే నమ్మదగినదని ఆ ఇళ్లవారికి తెలుసు. అయితే ఆ మట్టి మిద్దెకూ బరువు ఒక బెడదే. పొర మీద పొర పెంచుకుంటూ పోతే దూలాలు వంగేవి.

తారు షీటు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమున్న ఈ షీటును గ్యాసు మంటతో కాచి అతికిస్తారు. నీటిని ఆపడంలో దీనికి సాటి తక్కువ. కానీ నల్లని షీటును నేరుగా ఎండకు వదిలితే స్లాబు ఇంకా కాగుతుంది, తారు కొన్నేళ్లకు పెళుసుబారి అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది. నీళ్ల ట్యాంకు కింద, టైల్స్ కింద, అంటే ఎండ సోకని చోట దీనిని వాడటం తెలివైన పని. బయట వేయక తప్పకపోతే పైన తెల్ల పూతయినా వేయించాలి.

రేకుల షెడ్డుకు ఈ మధ్య మోజు పెరిగింది. నిజానికి వేడి విషయంలో దీనిని మించినది లేదు: రేకుకూ స్లాబుకూ మధ్య గాలి ఆడుతూ ఉంటుంది, స్లాబు రోజంతా నీడలో ఉంటుంది, వాన చుక్క దాని మీద పడదు. బట్టలు ఆరేసుకోవడానికి, పెళ్లి భోజనాలకు చోటు దొరుకుతుంది. అయితే షెడ్డు స్తంభాలను స్లాబుకు బోల్టులతో బిగించిన ప్రతి చోటా ఒక కొత్త కంత పడినట్టే. స్తంభాలను అడుగున బీములు, పిల్లర్లు ఉన్నచోటే నిలపాలి. పురపాలక అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. ఆస్‌బెస్టాస్ రేకులు చవకైనా, వాటిని కోసేటప్పుడు, విరిగినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు కాబట్టి వాటి జోలికి పోకూడదు. కోస్తాలోనైతే నా సలహా మరింత కఠినంగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకినప్పుడు రేకుల కప్పులు ఎలా ఎగిరిపోయాయో చూసినవారెవరూ మేడ మీద తేలికపాటి షెడ్డును నిశ్చింతగా వేసుకోలేరు. ఎగిరిన రేకు మన ఇంటికి కలిగించే నష్టం కన్నా వీధిలో మనిషికి తగిలితే కలిగే నష్టం పెద్దది.

ఇవన్నీ తూచి చూసినప్పుడు, పది నుంచి పాతికేళ్ల వయసున్న మామూలు ఇంటి స్లాబుకు, వాటం సరిచేయించి పిట్టగోడ మూలలు కట్టించిన తర్వాత వేసే సాగే తెల్ల కోటింగే మేలని నా అభిప్రాయం. దానికి బరువు లేదు, పాడైన చోటు కంటికి కనిపిస్తుంది, ఆ ఒక్కచోటే మళ్లీ పూయవచ్చు. కొత్తగా ఇల్లు కడుతున్నవారు బరువును లెక్కలో వేయించి ఇటుక ముక్కల కాంక్రీటు పోయించి, దాని మీద కూడా తెల్ల పూతే వేయించుకోవచ్చు. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. నిజామాబాదులోనో కర్నూలులోనో గాలి భయం తక్కువగా ఉండి, చేతిలో డబ్బు ఉన్నవారికి గట్టి చట్రంతో వేసిన షెడ్డు మంచిదే, కానీ దాని కింద స్లాబును మరిచిపోవడానికి అది సాకు కారాదు.

పనికి సరైన కాలం ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు. ఉదయం పదిలోపు, లేదా ఎండ వాలాక పూయాలి, ఎందుకంటే కాగిన స్లాబు మీద పూత లోపల అతుక్కోకముందే పైన ఆరిపోతుంది. మృగశిర కార్తెకు ముందు తూములు శుభ్రం చేసి, వాటి నోళ్లకు జాలీ పెట్టాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు డాబా మీది ఖాళీ కుండీలు, విరిగిన కుర్చీలు, విడి రేకు ముక్కలు కిందికి దించాలి. సంక్రాంతి తర్వాత పొడి రోజుల్లో పగుళ్లు చూసుకుని రాసి పెట్టుకోవాలి. ఒక్క సందర్భంలో మాత్రం పైన చెప్పిన ఐదింటిలో ఏదీ పనికిరాదు. గది లోపలి నుంచి చూస్తే పెచ్చులు ఊడి తుప్పు పట్టిన కడ్డీలు బయటపడ్డాయంటే, పైన ఏమి పూయాలో ఆలోచించడం మాని, ఆ గదిలో పడుకోవడం ఆపి, స్లాబు బలాన్ని పరీక్షించగల ఇంజనీరును ముందు పిలవాలి.