లైవ్ రాక్‌లో దాగిన జీవుల కోసం ఎర్ర టార్చ్, మ్యాక్రో లెన్స్: మూడేళ్లు వాడాక నా మాట

మా రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో, మొదటి లైవ్ రాక్ (చిన్న చిన్న సముద్ర జీవులు కాపురముండే రాయి) పెట్టిన నెలకే నేనొక తప్పు చేశాను. రాయి మీద నల్లగా, మెత్తగా ఏదో పాకుతుంటే పగడాలు తినే నూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) అనుకుని తీసి పారేశాను. అది స్టోమటెల్లా అనే నత్త అని తర్వాత తెలిసింది. నాచు తిని గాజు శుభ్రం చేసే జీవి. దాని వీపు మీద చెవి ఆకారంలో చిన్న గుల్ల ఉంటుంది, నా కంటికి అది ఆనలేదు. ఆ బాధతోనే ఎర్ర లైటు కూడా వెలిగే చేతి టార్చ్, ఫోన్‌కి తగిలించే మ్యాక్రో లెన్స్ కొన్నాను. మూడేళ్లుగా వారానికి రెండు మూడు రాత్రులు ఈ రెంటితోనే ట్యాంక్ ముందు కూర్చుంటున్నాను.

ముందు టార్చ్ సంగతి. రాయి కన్నాల్లో ఉండే జీవులు ఎక్కువగా చీకటి పడ్డాకే బయటికొస్తాయి. తెల్ల లైటు వేశామా, క్షణంలో మాయం. ఎర్ర కాంతి నీటిలో కొద్ది లోతులోనే ఇంకిపోతుంది కాబట్టి సముద్ర జీవుల్లో చాలావాటికి ఆ రంగు సరిగా తెలియదు. ట్యాంక్ లైట్లు ఆర్పి రెండు గంటలు ఆగి, టార్చ్‌ని గాజుకి ఏటవాలుగా ఆనించి పట్టుకుంటాను. దూరం నుంచి వేస్తే మన మొహమే గాజులో కనిపిస్తుంది, అందుకే తలకి కట్టుకునే లైటు కన్నా చేతి టార్చే నాకు నచ్చింది.

అలా చూసిన మొదటి రాత్రి నాకింకా గుర్తుంది. బెత్తెడు పొడవున్న బ్రిసిల్ వార్మ్ అనే ముళ్ల పురుగు ఒకటి రాయి అడుగు నుంచి మెల్లగా జారింది. పక్కలంతా సన్నటి ముళ్లు. ట్వీజర్లు చేతిలోకి తీసుకుని కూడా ఆగి చూశాను. జోయాంథిడ్‌ల (గుండీల్లా గుంపుగా పెరిగే, పగడాల చుట్టాలైన మెత్తటి జీవులు) పక్కనుంచే వెళ్లింది, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. చేపలు వదిలేసిన మేత గుళిక దగ్గర ఆగి, దాన్ని నోట పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి కన్నంలోకి లాక్కుపోయింది. లైవ్ రాక్‌తో వచ్చే ఈ పురుగుల్లో ఎక్కువ భాగం ఇలా మిగిలిందీ కుళ్లిందీ తిని బతికేవే. వట్టి చేత్తో మాత్రం పట్టుకోకూడదు, ముళ్లు చర్మంలో దిగి మండుతాయి.

ఎర్ర లైటుకి పెద్ద లోపం కూడా ఈ పురుగుల దగ్గరే బయటపడింది. పగడాలు తినే ఫైర్ వార్మ్‌ని గుర్తించే ఆనవాళ్లలో ముళ్ల మొదట్లో ఉండే ఎర్రటి మొప్పల కుచ్చులు ముఖ్యం. ఎర్ర కాంతిలో ఎర్రటి మొప్పలు, తెల్లటి ముళ్లు రెండూ ఒకేలా పాలిపోయి కనిపిస్తాయి. అందుకే ముందు ఎర్ర లైటులో నడత చూసుకుని, చివర్లో ఒక్కసారి తెల్ల లైటు వేసి ఫోటో తీస్తాను. రంగు తేల్చుకోవడానికి ఇంతకన్నా దారి నాకు దొరకలేదు.

లెన్స్ పనితనం పీతల దగ్గర తెలిసింది. మా దాంట్లో ఒక బొచ్చు పీత ఉండేది, గోళ్ల చివరలు నల్లగా, సూదిగా ఉండేవి. నాచు తినే పీతల గోళ్లు చివర్లో చెంచాలా గుంటగా ఉంటాయి. వీడియోని పెద్దది చేసి చూస్తే ఆ పీత పగడపు కండని పీకి నోట్లో పెట్టుకుంటోంది. ఇక ఆలస్యం చేయకుండా చిన్న గాజు గ్లాసులో రొయ్య ముక్క వేసి రాయికి ఆనించి పెట్టాను. పీత లోపలికి దిగింది, నున్నటి గాజు ఎక్కి రాలేకపోయింది. ఇప్పుడది వేరే తొట్టిలో ఉంది.

రాయిలోంచి టప్ టప్‌మని శబ్దం వస్తే, తొట్టిలోని జీవుల్ని వేటాడే మాంటిస్ రొయ్య అని చాలామంది టెన్షన్ పడతారు. పిస్టల్ రొయ్య కూడా అలాగే చప్పుడు చేస్తుంది. చెవిని నమ్మొద్దు, కంటితో చూడాలి. పిస్టల్ రొయ్యకి ఒక గోరు మరీ పెద్దది, మాంటిస్‌కి కాడల మీద అటూ ఇటూ తిరిగే కళ్లు.

రాయికి అతుక్కుని గొట్టాల్లో బతికే వెర్మెటిడ్ నత్తల్ని గుర్తించడానికి ఇంకో ఉపాయం. పంపు ఆపి చిటికెడు మేత వేస్తే, గట్టి గొట్టాల్లోంచి సాలెపోగుల్లాంటి జిగురు దారాలు వదులుతాయి. లెన్స్‌లో ఆ దారాలు స్పష్టంగా కనిపిస్తాయి. చాలా చిన్న తెల్లటి చుట్టలు మాత్రం స్పైరోర్బిడ్ పురుగులు, వాటి జోలికి పోనక్కర్లేదు. పగడాల్ని కుట్టే ఐప్టేసియా అనే సీ అనిమోన్‌ని గుర్తించడానికి నాకు లెన్స్ అక్కర్లేదు, గోధుమరంగు కాడ, పొడవాటి మీసాలు, తాకబోతే చటుక్కున ముడుచుకుపోవడం. దాన్ని గీకితే మిగిలిన ముక్కల్లోంచి మళ్లీ పుడుతుంది, గీకొద్దు.

లెన్స్‌తో ఇబ్బందులున్నాయి. ముందు గాజుకి రెండు మూడు సెంటీమీటర్లలో ఉన్న జీవే స్పష్టంగా పడుతుంది. వెనక రాయి మీద ఉన్నదాన్ని చూడలేం, వంపు గాజైతే ఆకారమే మారిపోతుంది. అందుకే కొత్త రాయి ఏదైనా ముందు ట్యాంక్ నీళ్లు పోసిన తెల్లటి టబ్‌లో పెట్టి పరీక్షిస్తాను. ఉప్పు తడికి క్లిప్ స్ప్రింగ్ రెండో ఏడే తుప్పు పట్టింది, ఇప్పుడు వాడిన ప్రతిసారీ మంచినీళ్ల గుడ్డతో తుడుస్తున్నాను. టార్చ్‌లో అయితే ఎర్ర లైటుకి వెళ్లాలంటే ముందు తెల్ల లైటు వెలగాల్సిందే, ఆ ఒక్క మెరుపుకే సగం జీవులు దాక్కుంటాయి. అరచేయి అడ్డం పెట్టి నెట్టుకొస్తున్నాను కానీ, మీరు కొనేటప్పుడు రెండింటికీ వేర్వేరు స్విచ్‌లు ఉన్నదే తీసుకోండి.

ఈ వారం నా చూపంతా ఒక ఆస్టరీనా నక్షత్ర చేప మీదే ఉంది. గోరంత ఉంటుంది, కాళ్లు ఎగుడుదిగుడు. ఎక్కువ శాతం నాచే తింటాయి కానీ కొన్ని జోయాంథిడ్‌ల మీద పడతాయి. మూడు రాత్రులుగా గాజు మీదే తిరుగుతోంది. నిన్న రాత్రి మొదటిసారి జోయాంథిడ్‌ల రాయి వైపు మళ్లింది, ఈ రాత్రి మళ్లీ చూడాలి.