మహాబలిపురం ఫ్యామిలీ బీచ్ ప్యాకేజీకి అడ్వాన్సు వేసే ముందు ఇది చదవండి

మన తిరుపతి గ్రూపులన్నింట్లో తిరుగుతున్న ఆ పోస్టరు గురించే చెప్తున్నా. రెండు పగళ్ళు, ఒక రాత్రి, ఈసీఆర్ (చెన్నై నుంచి తీరం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బీచ్ రిసార్టు, పిలకాయలకు వేరేగా స్విమ్మింగ్ పూల్, పొద్దున టిఫిన్ కలిపి. పేరు రాయను, చూసినవాళ్ళకు తెలుసు. సగం డబ్బు ముందే యూపీఐలో వేయించుకుంటారు. అదీ రిసార్టు ఖాతాకు కాదు, ఎవరిదో సొంత నంబరుకు. రసీదు ఇవ్వరు. శనివారం పోయి నిన్న రాత్రి తిరిగొచ్చినాం. ఒళ్ళు ఇంకా మండుతానే ఉంది.

డబ్బు సంగతి తర్వాత. ముందు ఆ పిల్లల పూల్.

మూడేళ్ళ పిల్లలు దిగే తొట్టి అది. అడుగున నీళ్ళు లాగే కంత మీద జల్లెడ మూత లేదు. ఉత్త సిమెంటు కంత, మోటారు నడుస్తానే ఉంది. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నా. మోటారు ఆ కంతలోంచే నీళ్ళను గుంజి ఫిల్టరుకు పంపుతుంది. మూత ఉంటే ఆ గుంజుడు చాలా రంధ్రాలకు చీలిపోతుంది. మూత లేకుంటే బలమంతా ఒక్కచోటే పడుతుంది. పిల్ల ఆ కంత మీద కూర్చున్నా, జుట్టు అందులోకి పోయినా, ఈత బట్టల తాడు చిక్కుకున్నా, పెద్ద మనిషి పట్టి లాగినా ఊడి రాదు. మోకాలి లోతు నీళ్ళే కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఆ క్షణంలో చేయాల్సింది మోటారు ఆపడం. అందుకే ఎక్కడికి పోయినా, పిల్లలు దిగకముందే మోటారు స్విచ్ ఎక్కడుందో అడిగి పెట్టుకోండి. సరిగ్గా కట్టిన పూల్‌లో కంతలు రెండుంటాయి, మధ్య కనీసం మూడడుగుల ఎడం ఉంటుంది. ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతుంది. మూతలు కొంచెం ఉబ్బెత్తుగా ఉండి స్క్రూలతో బిగించి ఉంటాయి. కాలితో కదిపితే కదలకూడదు.

నీళ్ళైతే బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి ఉన్నాయి. కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి ఫిల్టరును గంటో రెండు గంటలో నడిపి ఆపేసే చోట్ల ఇట్లే అవుతాయి. పూల్ గట్టు మీద నిలబడి చూస్తే అడుగున ఉండే మూత గీతలతో సహా కనబడాలి. కనబడకపోతే దిగనీయొద్దు. మురికి ఒక్కటే కారణం కాదు, అడుగుకు జారిన పిల్ల పైనుంచి కనబడదు. మునిగే పిల్ల అరవదు, చేతులూ ఊపదు, చప్పుడు లేకుండా కిందికి పోతుంది. క్లోరిన్ వాసన గుప్పున కొడితే శుభ్రంగా ఉందని మురిసిపోవద్దు. క్లోరిన్ చెమటతో, ఉచ్చతో కలిసినప్పుడే ఆ ఘాటు వాసన పుడుతుంది. చూసుకోవాలంటే నీళ్ళు పరీక్షించే స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య చూపించాలి.

"మూత లేదు, ముందు మోటారు ఆపండి" అని రిసెప్షన్‌లో చెప్తే, వాళ్ళు ప్యాకేజీ అమ్మినాయనకే ఫోన్ కలిపి చేతికిచ్చినారు. ఆయన అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నా:

"ఏం సార్, అంత పెద్ద సముద్రం ముందరే ఉండాది గదా. పూల్ బాగలేకుంటే పిలకాయల్ని ఆడ ఆడిపించుకోండి."

పసిపిల్లలున్న ఇంటివాళ్ళతో అనాల్సిన మాటేనా ఇది? డబ్బు ఎగ్గొట్టినా ఇంత కోపం వచ్చేది కాదు. పిల్లల్ని సముద్రంలో దించకుండా ఉండటానికే కదా పూల్ ఉన్న చోటికి ఎక్కువ డబ్బు పోసి పోయేది. ఆ తీరంలో అల ఒడ్డు దగ్గరే విరుగుతుంది, నాలుగడుగులు వేసేసరికి కాళ్ళ కింద నేల దిగిపోతుంది. వెనక్కు పోయే నీళ్ళు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తాయి, పెద్దవాళ్ళే తూలి పడతారు. ఇంకొకటి, అటూ ఇటూ అలలు విరుగుతా మధ్యలో ఒక పాయ మాత్రం నిదానంగా, బురద రంగులో కనిపిస్తుందే, పిల్లలకు అదే మంచి చోటని తీసుకుపోతారు చాలామంది. సముద్రం లోపలికి లాగే పాయ అదే. గాలి ట్యూబు వేసినా దానికి ఆగదు, పైగా తిరగబడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇది ఇంకా ఎక్కువ. బయల్దేరే ముందురోజు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (కేంద్రం వాళ్ళ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే అలల హెచ్చరికలు ఒకసారి చూసుకోండి. మాలో చిన్నపిల్లలకు తడి ఇసుకే హద్దు. చెయ్యి చాపితే అందే దూరంలో ఒక పెద్ద మనిషి, చేతిలో ఫోన్ లేకుండా, ఉండి తీరాలి.

ఆయన మాత్రం ఆ ఒక్కమాట అనేసి ఫోన్ పెట్టేసినాడు. మళ్ళీ ఎత్తలేదు.

బిల్లు కూడా చెప్తా. ఐదేళ్ళు దాటిన పిల్లకు వేరే చార్జీ అని పోస్టరులో లేదు, గది తాళం ఇచ్చేటప్పుడు చెప్పినారు. ముందు ఒక రేటు చూపించి చివర్లో ఇట్లా కలపడాన్ని ఆన్‌లైన్ అమ్మకాల్లో మోసపు పద్ధతిగానే కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాల్లో చేర్చింది. గదికి 12 శాతం జీఎస్టీ వేసినారు. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. భోజనం బిల్లులో సర్వీసు చార్జీ 10 శాతం కలిపినారు. అడగకుండా అది బిల్లులో కలపకూడదని 2022 జులైలోనే వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. ఈ రెండూ అక్కడే చెప్తే సర్వీసు చార్జీ తీసేసినారు, జీఎస్టీ మాత్రం కంప్యూటరు బిల్లు సార్ అని వదిలేసినారు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వరంట.

పోవాలనుకునేవాళ్ళు ప్యాకేజీ అమ్మేవాళ్ళతో కాదు, రిసార్టు సొంత నంబరుతోనే మాట్లాడండి. ఆ రోజు తీసిన పూల్ వీడియో, అడుగు కనబడేటట్టు, పంపమనండి. పిల్లల వయసులు, మొత్తం రేటు, రద్దు చేస్తే ఎంత వెనక్కి ఇస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. పుత్తూరు, నగరి మీదుగా నాలుగు గంటల పైనే పడుతుంది, చీకటి పడ్డాక చేరితే పూల్ చూసే వీలుండదు, మధ్యాహ్నానికే చేరండి.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తేలకపోతే వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, మహాబలిపురం ఉండే జిల్లా చెంగల్పట్టు దాకా తిరగాల్సిన పని లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. డబ్బు వెనక్కి వేస్తామని ఎవరైనా క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయొద్దు, డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఉండదు. అట్లా పిన్ కొట్టి డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.