మాయాబజార్ ఇప్పుడు తీస్తే ఘటోత్కచుడెవరు: రానా మేలా, తారక్ మేలా?

ఈ ఆట మొదలెట్టగానే ముందు వినబడే పేరు రానా. గద పట్టుకుని నిలబడ్డ భల్లాలదేవుడు కళ్ళముందు మెదులుతుంటే ఇంకో పేరు తోచదు మరి. జూనియర్ ఎన్టీఆర్ అంటే వెంటనే అడ్డుపడతారు: ఎత్తు చాలదు, పైగా తారక్‌ని తాతగారి కృష్ణుడి వేషానికి అట్టిపెట్టాలి అని.

అసలు ఆ సినిమాని ముట్టుకోవడమే పాపం అనేవాళ్ళకి ఒక మాట. సురభి నాటక సమాజం వాళ్ళు తరతరాలుగా ఈ నాటకం ఆడుతూ వేషాలు మారుస్తూనే ఉన్నారు. 1936 సినిమాలో శాంతకుమారి శశిరేఖ, 1995లో వేరే కథతో వచ్చిన ‘ఘటోత్కచుడు’లో ఆ వేషం కైకాల సత్యనారాయణది. అంతెందుకు, 1957లో ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిగారే తమిళానికి వచ్చేసరికి అభిమన్యుడిగా నాగేశ్వరరావుకి బదులు జెమినీ గణేశన్‌ని, లక్ష్మణకుమారుడిగా రేలంగికి బదులు తంగవేలుని పెట్టారు. బలరాముడు కూడా మారాడు. మారనిది కృష్ణుడు ఎన్టీఆర్, ఘటోత్కచుడు ఎస్వీఆర్ (ఎస్.వి.రంగారావు), శశిరేఖ సావిత్రి. ఏ వేషం మార్చుకోవచ్చో, ఏది కదిపితే కథ కదులుతుందో ఆయన అప్పుడే చూపించేశారు.

కృష్ణుడి సంగతి అలా ఉంచితే, మిగతా రెండూ నిజానికి ఒకే వేషం. చాలామంది మరిచిపోయేది ఇదే. ఘటోత్కచుణ్ణి ఎస్వీఆర్ సగం ఆడితే, మిగతా సగం మాయాశశిరేఖగా, అంటే ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తినప్పుడు, సావిత్రి ఆడింది. ‘అహ నా పెళ్ళియంట’ మళ్ళీ చూడండి, ఈసారి మొహం కాదు, భుజాలు చూడండి. సుశీల గొంతు నడుస్తున్నంతసేపూ పెళ్ళికూతురే. మధ్యలో ఘంటసాల గొంతు రాగానే భుజాలు విచ్చుకుంటాయి, ఛాతీ ముందుకొస్తుంది, నడకలో బరువు మడమల మీదకి దిగుతుంది. అంతలోనే మళ్ళీ సిగ్గు. అక్కడ మనకి నవ్వొచ్చేది ఎస్వీఆర్ నడక అప్పటికే మన కళ్ళలో ఉండబట్టి.

కాబట్టి ఘటోత్కచుడికి కావలసింది ఆకారం ఒక్కటే కాదు, ఆడపిల్ల ఒంటి మీదకి దిగగలిగే వాలకం. రానా బలం కదలకుండా నిలబడటంలో ఉంది. నిశ్చలాన్ని, ఎత్తుని ఎవరు అనుకరించగలరు? అనుకరించినా ఎవరికి ఆనుతుంది? గొంతు శాసించేచోట బ్రహ్మాండం. తల్లి దగ్గర గారాలు పోయే, కొత్త మాట వింటే మురిసిపోయే పిల్లతనం దగ్గర మాత్రం బరువవుతుంది. తారక్‌కి కనుబొమ్మ, మెడ, భుజం, అడుగు దేని పని దానిదే, కూచిపూడి నేర్చిన ఒళ్ళు మరి. జై లవ కుశలో (2017) ముగ్గురినీ నడకతోనే విడదీశాడు. యమదొంగలో (2007) పౌరాణిక భాష ఒత్తులు మింగకుండా పలికాడు. మాయాబజార్‌కి పింగళివారు రాసిన మాటలకి ఆ నోరు కావాలి. ఎత్తు అంటారా, అది కెమెరా మోకాలి ఎత్తున పెట్టడం, కిరీటం, భుజకీర్తులు, పక్కన పొట్టి అనుచరులు చూసుకుంటాయి. వాలకం లేకపోతే గ్రాఫిక్స్ తెచ్చివ్వదు.

శశిరేఖకి కీర్తి సురేశ్ అనడం సులువు, మహానటి (2018) ఉంది కదా. చిక్కూ అక్కడే. ఆమె తారక్‌ని అనుకరించినా, ఎస్వీఆర్‌ని అనుకరిస్తున్న సావిత్రిని అనుకరిస్తోందనే జనం చూస్తారు. సాయిపల్లవి పాదం నేల మీద ఆగదు, ఇక్కడ రాక్షసుడి బరువు దిగాలి. నా ఓటు నిత్యా మేనన్‌కి: తన గొంతు తనదే, దాన్ని కిందికి దించగలదు, వికారంగా కనబడటానికి జంకదు.

ఎవరిని తీసుకున్నా పరీక్ష ఒకటే. ముందు ఘటోత్కచుడి చేత పది అడుగులు నడిపించి, కూర్చోబెట్టి, మీసం మెలేయించి, పగలబడి నవ్వించి వీడియో తీయాలి. అది కథానాయికకి ఇచ్చి వారం తర్వాత అదే చేయించాలి. రెండూ పక్కపక్కన పెట్టి శబ్దం తీసేసి చూస్తే తేలిపోతుంది. షూటింగులోనూ ఘటోత్కచుడి సన్నివేశాలే ముందు తీయాలి. ఈ రోజుల్లో పని చెడేది ఇక్కడే: హీరోయిన్ కాల్షీట్లు ముందు దొరికాయని మాయాశశిరేఖ సీన్లు ముందే లాగించేస్తారు. అప్పుడు ఆమె అనుకరించేది ఎవర్ని?

మిగతావి పెద్ద తగువు కాదు. లక్ష్మణకుమారుడికి వెన్నెల కిశోర్, శకునికి రావు రమేశ్. అభిమన్యుడు అందంగా ఉండి పడవెక్కితే చాలు. కృష్ణుడికి కొత్త మొహమే నయం, తెలిసిన హీరోని పెడితే ప్రతి ఫ్రేములో పెద్దాయనతో పోలికే. రానాని వదులుకోనక్కర్లేదు, ముక్కామల వేసిన దుర్యోధనుడు ఉన్నాడు. ఈ కథలో దుర్యోధనుడికి పని తక్కువ, ఒప్పుకుంటాడా అన్నదే సందేహం.