క్యాన్, నోయ్!, ఫౌస్ట్: ఒకే దరువును నిలబెట్టడంలో ఎవరిది పైచేయి?

1970ల జర్మన్ ప్రయోగాత్మక రాక్‌ను ఇష్టపడేవాళ్ళు ఇద్దరు కలిస్తే చర్చ ఎక్కువగా ఈ మూడు పేర్ల దగ్గరే తిరుగుతుంది. ఆ సంగీతం మొత్తాన్నీ ఒకే గాటన కట్టి ‘క్రౌట్‌రాక్’ అన్నది బ్రిటిష్ పత్రికలవాళ్ళు. క్రౌట్ అంటే పులియబెట్టిన క్యాబేజీని గుర్తుచేస్తూ జర్మన్లను ఎత్తిపొడిచే మాట. అందుకే అక్కడి సంగీతకారులు చాలామంది ఆ పేరును మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. పైగా ఈ మూడు బ్యాండ్లూ మూడు వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో పనిచేశాయి. క్యాన్‌ది కొలోన్, నోయ్!ది డ్యూసెల్‌డార్ఫ్. ఫౌస్ట్ మకాం హాంబుర్గ్, బ్రేమెన్ నగరాల మధ్య వ్యూమ్మె అనే పల్లెలోని ఒక పాత బడి.

పోల్చడానికి ఒక కొలబద్ద కావాలి. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అన్న అచ్చును వదిలేసి, ఒకే దరువు మీద పది, పదిహేను, ఇరవై నిమిషాలు నడిపిన సంగీతమిది. స్వరాల మలుపులు తక్కువ. మరి వినేవాడు మధ్యలో లేచి వెళ్ళిపోకుండా ఏం చేశారు? అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. అదే కాలపు జర్మన్ బ్యాండ్లయిన క్రాఫ్ట్‌వెర్క్, టాంజరిన్ డ్రీమ్ ఈ లెక్కలోకి రావు. వాళ్ళు పేరు తెచ్చుకున్న రికార్డుల్లో లయను ఎక్కువగా యంత్రాలే మోశాయి. ఇక్కడ చూస్తున్నది మనిషి చేత్తో వాయించిన దరువు.

క్యాన్ 1968లో మొదలైంది. బేస్ వాయించే హోల్గర్ చుకై, కీబోర్డుల ఇర్మిన్ ష్మిట్ ఇద్దరూ ఆధునిక జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ దగ్గర చదువుకున్నవాళ్ళు. గిటార్ మిషాయెల్ కరోలి చుకై శిష్యుడు. డ్రమ్స్ యాకి లీబెట్సైట్ ఫ్రీ జాజ్ వదిలేసి వచ్చాడు. ఫ్రీ జాజ్‌లో లయ తిరిగి రాకూడదు. క్యాన్‌లో ఆయన సరిగ్గా దానికి ఎదురు దారి పట్టాడు, అంటే లయ తిరిగి తిరిగి రావాలి. మన తాళంలో ఆవర్తనం పూర్తయి మళ్ళీ ఎత్తుగడ దగ్గరికి చేరినట్టే లీబెట్సైట్ దరువు కూడా ఒక చక్రం. కచేరీలు విన్న చెవికి క్యాన్ తొందరగా పట్టుబడడానికి కారణం ఇదే. చక్రం మారదు, అందులోని చిన్న దెబ్బల బరువు మారుతుంది. 1971 నాటి ‘టాగో మాగో’లో ‘హాలెలువా’ పద్దెనిమిదిన్నర నిమిషాలుంటుంది, ఎల్పీలో ఒక వైపు మొత్తం అదే. ప్రధాన దెబ్బలు చివరిదాకా అక్కడే ఉంటాయి. స్నేర్ డ్రమ్ మీద పడే లోపలి మెత్తని దెబ్బలు, హైహ్యాట్ అనే జంట తాళాలు తెరుచుకోవడం, చుకై పట్టుకున్న ఆ కొద్ది స్వరాల బేస్ మాత్రం జరుగుతూ ఉంటాయి.

రెండో రహస్యం టేపులో ఉంది. 1975కు ముందు వరకూ క్యాన్ రికార్డు చేసింది రెండు ట్రాకుల టేపు మీదే. అంటే తర్వాత కూర్చుని గిటార్ ఒక్కదాన్నీ తగ్గించడం, గొంతు ఒక్కదాన్నీ దిద్దడం కుదరదు. అందరూ ఒకే గదిలో ఒకరినొకరు వింటూ వాయించాలి, ఎవరి శబ్దం ఎంత ఉండాలో వాయించేటప్పుడే తేల్చుకోవాలి. గంటల తరబడి వాయించినదాన్ని చుకై తర్వాత బ్లేడుతో కోసి అతికించేవాడు. కాబట్టి మనం వినేది ఒకే విడతలో పుట్టిన పాట కాదు, ఏరి కూర్చిన పాట. అయినా అతుకు చెవికి దొరకదంటే లీబెట్సైట్ వేగం ఎంత స్థిరంగా ఉందో ఊహించుకోవచ్చు. వేగం కాస్త అటూ ఇటూ అయినా అతికిన చోట దరువు తొట్రుపడుతుంది.

గాయకుడు డామో సుజుకి మ్యూనిక్ వీధిలో పాడుకుంటుంటే చుకై, లీబెట్సైట్ చూసి అదే రాత్రి వేదిక ఎక్కించారు. అతని మాటలు సగం అర్థం కావు, అర్థం కావాల్సిన పనీ లేదు. గొంతు కూడా అక్కడ ఒక వాద్యమే.

నోయ్! కథ వేరు. క్రాఫ్ట్‌వెర్క్ తొలి రోజుల్లో అందులో వాయించిన క్లౌస్ డింగర్, మిషాయెల్ రోటర్ 1971లో విడిపోయి పెట్టుకున్న ఇద్దరు మనుషుల బ్యాండ్ ఇది. నోయ్ అంటే కొత్త అని అర్థం. మొదటి ఆల్బమ్‌ను 1971 డిసెంబరులో హాంబుర్గ్‌లో నాలుగు రోజుల్లో ముగించారు. రికార్డింగు చూసుకున్నది కోనీ ప్లాంక్ అనే సౌండ్ ఇంజనీరు. ఆయన పేరు బ్యాండులో మూడో మనిషిగా రాసినా తప్పు కాదు. ఆ ఆల్బమ్‌లో మొదటి పాట ‘హల్లోగల్లో’ పది నిమిషాలు. దాని దరువునే తర్వాత ‘మోటోరిక్’ అన్నారు. డింగర్‌కు ఆ మాట నచ్చలేదు. యంత్రం అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

ఆ దరువు కాగితం మీద చాలా తేలిక. ఎనిమిది లెక్కపెట్టండి. మూడు, ఏడు లెక్కల మీద స్నేర్, మిగతా లెక్కలు చాలావరకు కాలితో కొట్టే కిక్ డ్రమ్‌వి, పైన హైహ్యాట్ ఎనిమిదీ సమానంగా. నేర్చుకునేవాళ్ళు బోల్తాపడేది మూడు చోట్ల. మొదటిది, నాలుగు ఆవర్తనాలకోసారి చెయ్యి అలవాటు కొద్దీ పక్కనున్న టామ్ డ్రమ్‌ల మీదికి పోయి ఫిల్ అనే అలంకారపు దెబ్బలు వేస్తుంది. ఆ ఒక్క ఫిల్‌తో ‘ఇప్పుడేదో మారబోతోంది’ అని వినేవాడికి కబురు వెళ్తుంది, ఏదీ మారదు, సాగుతున్న దారి కాస్తా తెగిపోతుంది. రెండోది, ఒకటో లెక్క మీద గట్టిగా కొట్టడం. అలా కొడితే ముందుకు జారాల్సిన లయ మెట్లుమెట్లుగా ఆగుతుంది. మూడోది వేగం. కుడికాలు అలసేకొద్దీ దరువు నెమ్మదిస్తుంది, దాన్ని సర్దబోయి పరుగెత్తిస్తారు. లయను టిక్కుటిక్కుమని లెక్కగట్టే మెట్రోనోమ్ పెట్టుకుని తక్కువ వేగంలో పది నిమిషాలు ఆగకుండా వాయించగలిగాకే వేగం పెంచాలి.

క్యాన్‌లో మార్పు దరువు లోపల జరుగుతుంది, నోయ్!లో దరువు మీద జరుగుతుంది. డింగర్ రోడ్డు వేస్తాడు, రోటర్ గిటార్లు దాని మీద మేఘాల్లా పోతాయి. కొన్నింటిని టేపు వెనక్కి తిప్పి వేశారు. అందుకే స్వరం మీటినట్టు కాకుండా ఉబ్బి వచ్చినట్టు వినిపిస్తుంది. తొలిసారి వినేవారికి మూడింటిలోకీ తేలిగ్గా నచ్చేది ఇదే.

కానీ నోయ్! నిలకడ తక్కువ. 1973 నాటి రెండో ఆల్బమ్ చేస్తుండగా డబ్బు అయిపోయింది. మొదటి వైపు పదకొండు నిమిషాల ‘ఫ్యూర్ ఇమ్మర్’ అద్భుతం. రెండో వైపు నింపడానికి అప్పటికే విడుదలైన తమ సింగిల్‌నే నిమిషానికి 16, 78 చుట్ల వేగాల్లో తిప్పి వేశారు. క్యాసెట్ టేపు నలిగినట్టున్న ముక్క కూడా అందులో ఉంది. కొత్తగా కొన్నవాళ్ళు ప్లేయర్ చెడిపోయిందని బెల్టు మార్చుకునే ప్రమాదం ఉంది. చెడిపోలేదు, రికార్డే అంత. రీమిక్స్ అన్న ఆలోచనకు ఇది ముందడుగు అనేవారున్నారు. ఆలోచనగా సరే, మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వినేది మాత్రం మొదటి వైపునే. 1975 ఆల్బమ్‌లో ఇద్దరి దారులు స్పష్టంగా చీలిపోయాయి. ఒక వైపు రోటర్ ప్రశాంతత. రెండో వైపు డింగర్ గిటార్ పట్టి అరుస్తుంటే, తమ్ముడు థామస్, హాన్స్ లాంపె ఇద్దరూ కలిసి డ్రమ్స్ కొట్టారు. ‘హీరో’ వింటే రాబోయే పంక్ సంగీతం ముందే తలుపు తట్టినట్టుంటుంది.

ఇక ఫౌస్ట్. పోలిడార్ కంపెనీ ఖర్చుతో, నిర్మాత ఊవె నెట్టెల్‌బెక్ పూనికతో వ్యూమ్మె బడిలోనే స్టూడియో కట్టుకుని అక్కడే బతికారు. ఫౌస్ట్ అంటే పిడికిలి. 1971 నాటి మొదటి ఆల్బమ్ పారదర్శకమైన ప్లాస్టిక్, దాని అట్ట మీద పిడికిలి ఎక్స్‌రే. వీళ్ళకు దరువు నిలబెట్టడం కంటే దాన్ని విరిచి మళ్ళీ ఇంకోచోట మొదలుపెట్టడం మీద మోజు. అలాగని చేతకాక కాదు. 1972 నాటి ‘సో ఫార్’ మొదటి పాటలో ఏడు నిమిషాల పైచిలుకు ఒకే మొండి దెబ్బ, దాని మీద ఒకే వాక్యం. ఆ మొండితనంలోనే మాయ ఉంది. 1973లో వర్జిన్ కంపెనీ ‘ది ఫౌస్ట్ టేప్స్’ను ఒక సింగిల్ ధరకే అమ్మింది. చవకగా వచ్చిందని కొన్న బ్రిటన్ కుర్రాళ్ళ చేతికి పేర్లు కూడా లేని తునకల మాల దొరికింది. దీన్ని ఫోన్‌లో వినేటప్పుడు షఫుల్, ఒక పాట చివరను తర్వాతి పాట మొదట్లో కలిపేసే క్రాస్‌ఫేడ్ రెండూ తీసేయాలి. కోత ఎక్కడ పడుతుందన్నదే అక్కడ సంగీతం. క్రాస్‌ఫేడ్ ఆ కోతలను నున్నగా చేసి పాడుచేస్తుంది.

మరి ఏది మేలు? దరువు లెక్కన క్యాన్‌దే పైచేయి. నోయ్! దరువు అందంగా ఉంటుంది గానీ, పదిసార్లు విన్నాక అందులో కొత్తగా దొరికేది రోటర్ గిటార్‌లోనే. క్యాన్‌లో పదకొండోసారి కూడా డ్రమ్స్‌లోనే దొరుకుతుంది. ఫౌస్ట్ ఈ పందెంలో గెలవదు. కానీ సాహసం లెక్కన మిగతా ఇద్దరూ దాని వెనకే.

కొనేది ఒక్కటే అయితే ‘టాగో మాగో’ వద్దు. గొప్పదే, కానీ రెండో డిస్కులో పదిహేడున్నర నిమిషాల ‘ఔమ్‌గ్న్’ దగ్గర కొత్తవాళ్ళు చాలామంది ఆగిపోతారు. 1972 నాటి ‘ఏగె బామ్యాసి’తో మొదలుపెట్టండి. దాదాపు 40 నిమిషాలే. అట్ట మీద బెండకాయల డబ్బా బొమ్మ ఉంటుంది, ఆ టర్కీ మాటకు అర్థం ఏజియన్ తీరపు బెండకాయ. అందులోని ‘విటమిన్ సి’ మూడున్నర నిమిషాల్లో లీబెట్సైట్ అంటే ఏమిటో చెప్పేస్తుంది. జర్మన్ టీవీ సీరియల్ కోసం చేసిన ‘స్పూన్’లో ఆయన రిథమ్ మెషిన్‌తో కలిసి వాయించాడు. మెషిన్ ఏది, మనిషి ఏది అని విడదీసి వినడం మంచి సాధన. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు. చుకై బేస్ అందులో పూర్తిగా మాయమవుతుంది, బేస్ లేకపోతే ఆ దరువుకు కింద నేల ఉండదు. ఏ మామూలు ఇయర్‌ఫోనైనా నయం. ఆ తర్వాత నోయ్! మొదటి ఆల్బమ్, దాని తర్వాత ‘టాగో మాగో’ మొదటి డిస్కు, అప్పుడు ఫౌస్ట్ ‘సో ఫార్’. రోటర్ గిటార్ మీద మనసు పడితే, క్లస్టర్ అనే బ్యాండులోని ఇద్దరితో కలిసి ఆయన చేసిన హార్మోనియా బ్యాండ్ రికార్డు ‘డీలక్స్’ను నాలుగో ఐదో స్థానంలో పెట్టుకోండి. 1975లో వచ్చింది, డ్రమ్స్ గురు గురు బ్యాండ్ మానీ నోయ్‌మయర్‌వి.