మిద్దె, కంబళి, దుంగల ఇల్లు: పెరూలో 16 రోజులు

లీమాలో దిగిన రోజే మా ఆవిడ కనిపెట్టింది: ఊరంతా చదును మిద్దెలే. ఎక్కడా చూరు లేదు, గోడలకు వాన నీళ్లు దిగే గొట్టం లేదు. దాదాపు కోటి మంది ఉండే రాజధాని అచ్చమైన ఎడారిలో ఉందని చదివే వెళ్లాం. అయినా జూన్‌లో ఆకాశం పొద్దంతా బూడిద రంగులో వేలాడుతుంటే, ముఖానికి తడి తగులుతుంటే, ఈ మబ్బు కురవదంటే మనసు ఒప్పుకోదు. ఆ మంచుతుంపరను అక్కడివాళ్లు గరువా అంటారు.

దీనికి మూలం సముద్రంలోనే ఉంది. హంబోల్ట్ ప్రవాహం దక్షిణం నుంచి చల్లని నీళ్లను తీరం వెంబడే మోసుకొస్తుంది. దాని మీది గాలి చల్లబడి, బరువెక్కి, పైకి లేవలేక అక్కడే మంచుగా నిలిచిపోతుంది. తూర్పు నుంచి వచ్చే అమెజాన్ తేమను ఆండీస్ కొండలు అడ్డగిస్తాయి. నాది అనంతపురం. కొండ అవతలే ఆగిపోయే వాన సంగతి నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రీమాక్ లాంటి కొండ నదులే ఈ నగరం దాహం తీరుస్తున్నాయి. ఊరి అంచు గుట్టల మీది బస్తీల్లో కొన్నిచోట్ల నిలువుగా వలలు కట్టి, మంచును చుక్కలు చుక్కలుగా పట్టి పీపాల్లోకి దించుకుంటారు. కుళాయి లేని ఇళ్లకు నీళ్లు ట్యాంకర్లలో వస్తాయి. ఉన్నవాళ్ల కుళాయి నీళ్ల కంటే వాటికే ఖరీదెక్కువ.

క్రిస్మస్ సమయంలో ఈ చల్లని సముద్రం వేడెక్కడం చూసి ఇక్కడి జాలర్లు దానికి బాలయేసు పేరు పెట్టారు, ఎల్ నినో అని. అది బలంగా వచ్చినప్పుడు పెరూ ఉత్తర తీరం వరదల్లో మునుగుతుంది, మన నైరుతి చాలాసార్లు మొహం చాటేస్తుంది. లీమాలో మీరాఫ్లోరెస్ పేట సముద్రపు గట్టు మీద నిలబడి ఆ నీళ్లను చూస్తుంటే, విత్తనం కొని వాన కోసం ఎదురుచూసిన మా నాన్న గుర్తొచ్చి చాలాసేపు కదలలేకపోయాను.

లీమాలో మా గది సముద్రం పక్కనే. శుభ్రంగా ఉంది, మనుషులు మంచివాళ్లు. కానీ ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరలేదు, దుప్పటి కూడా చెమ్మగానే ఉంది. జూన్‌లో వెళ్లేవాళ్లు తీరానికి కాస్త లోపలగా గది చూసుకోండి. శాకాహారులకు చీఫా అనే చైనా భోజనశాలలు పెద్ద ఆదరువు.

ఆండీస్ కొండల్లోని కుస్కో ఊళ్లో మా లెక్క తప్పింది. లీమా నుంచి విమానంలో నేరుగా 3,400 మీటర్ల ఎత్తుకు చేరి, ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. కొత్త హోటల్, గోడంత అద్దాలు, మూలన చిన్న హీటర్. పొద్దుగూకగానే అద్దం మంచుగడ్డలా మారింది, ఆ ఎత్తుకు అలవాటు పడక తలనొప్పితో తల పగిలిపోయింది. మర్నాడు లోయలోకి, దాదాపు 2,800 మీటర్ల ఎత్తున ఉన్న ఓయాంతాయ్‌తాంబోకి దిగాం. అక్కడ దిగింది ఒక కుటుంబం ఇంట్లో. మట్టి ఇటుకల గోడ మూరెడు మందం. పగలంతా ఎండ తాగి రాత్రి మెల్లగా వేడి విడిచింది. అద్దె ఆ హోటల్ అద్దెలో సగం కూడా లేదు, నిద్ర రెట్టింపు పట్టింది. కాబట్టి ముందు లోయ, తర్వాత కుస్కో. అక్కడ కోకా ఆకు టీ ఇస్తారు, తాగవచ్చు. ఆకులు మాత్రం ఇండియాకు తేకండి, నేరం. ఇంకాల పాత కొండ నగరం మాచు పిచ్చుకు సమయం ముద్రించిన టికెట్లు ముందే కొనాలి. రైలు ఖరీదైనదే, అయినా తప్పదు.

ఈ ప్రయాణంలో నా మనసు నిలిచిపోయింది 3,800 మీటర్ల ఎత్తున్న టిటికాకా సరస్సు దగ్గర. ఊరోస్ జనం తుంగ కోసి పరిచి, దాని మీదే ఇళ్లు కట్టుకుంటారు. అడుగున తుంగ కుళ్లుతుంటే పైన కొత్తది పరుస్తూనే ఉండాలి. అక్కడ దుకాణాల హడావిడి ఎక్కువ, గంట చాలు. రాత్రి బసకు అమంతానీ ద్వీపానికి వెళ్లండి. అతిథులను ఇళ్లకు వంతులవారీగా పంచుకుంటారు. వేడి నీళ్లు లేవు, హీటర్ లేదు, మరుగుదొడ్డి బయట. కానీ ఇంటామె ఒకదాని మీద ఒకటి వేసిన నాలుగు ఉన్ని కంబళ్ల కింద మేము వెచ్చగా పడుకున్నాం.

పొద్దున పెరట్లో గడ్డి మీద ఉర్లగడ్డలు పరిచి ఉన్నాయి. రాత్రి మంచుకు గడ్డకట్టినవి ఎండకు మెత్తబడతాయి. అప్పుడు కాళ్లతో తొక్కి నీరు పిండి, మళ్లీ ఆరబెడతారు. కొన్ని రోజులకు రాయిలా ఎండిన చూన్యో తయారు. మన ఒరుగుల్లాంటిదే, కానీ ఏళ్ల తరబడి చెడదు. పంటకు శత్రువైన ఆ మంచునే పనిలో పెట్టుకున్నారు. పొలం పనికి ఒకరింటికి ఒకరు వెళ్లే పద్ధతిని ఐనీ అంటారు. మన పల్లెల్లో బదుళ్లకు పోవడమే. మనకు ఆయాసం వచ్చే గట్టును మా ఇంటామె బస్తాతో ఎక్కేసింది. తరతరాలుగా ఆ పలచని గాలిలో బతికినవాళ్ల రక్తంలో హిమోగ్లోబిన్ ఎక్కువ.

చివరికి అమెజాన్ అడవిలోని ఇకీటోస్. లక్షల జనాభా ఉన్న ఈ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు, పడవో విమానమో ఎక్కాలి. తొలి రాత్రి ఊళ్లో ఏసీ హోటల్. కిటికీలు తెరుచుకోవు. కరెంటు పోయిన నాలుగు గంటలూ ఊపిరాడలేదు, కింద అడిగితే జవాబిచ్చే మనిషి లేడు. తర్వాతి మూడు రాత్రులు నది ఒడ్డున, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఆకుల కప్పు ఇంట్లో ఉన్నాం. గోడల బదులు దోమల జాలీ, గాలి అటు నుంచి ఇటు పారింది. ఈ యాత్ర మొత్తంలో నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది ఈ బసకే, మా పడవ నడిపిన అతనికే.

బెలెన్ పేటలో కొన్ని ఇళ్లు స్తంభాల మీద ఉన్నాయి, కొన్ని తేలే దుంగల మీద ఉన్నాయి. నది లేస్తే అవీ లేస్తాయి. వరదకూ ఎండకూ మధ్య నీటిమట్టంలో సుమారు 10 మీటర్ల తేడా. పడవతను అడవిలో ఒక చెట్టు చూపించాడు. మానుకు నా తల కంటే పైన మట్టి చార ఉంది. "పోయిన నెల ఇక్కడిదాకా" అన్నాడు. ఆ చార కింద తేలిన నేలలో అతని భార్య అప్పటికే వేరుశనగ విత్తుతోంది. ఆ పంట పుట్టిల్లు ఈ ఖండమే. ఒక గింజ తీసి నా చేతిలో పెట్టింది. మా చేలో చూసిన గింజే.

వెళ్లేవాళ్లకు ఒక మాట: ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని, ఆ కార్డు పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోండి. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు. మేము మళ్లీ వెళ్తే లీమాకు ఒక్క రోజు, అమంతానీకి మూడు.